చెట్టు మీద పువ్వు, మట్టిలో కాయ

ముందు ఉత్తరం, కొంచెం కుదించి:

"అక్కా, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. అనంతపురంలో హాస్టల్లో ఉండి బి.ఎస్సీ. బాటనీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ వరకు తెలుగు మీడియం. నాయనకు ఆరెకరాల మెట్ట ఉంది, ఏటా చెనక్కాయే (వేరుశనగ) వేస్తాం. అన్న బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, డిగ్రీ అయిపోగానే వచ్చి ఏదైనా కోర్సు నేర్చుకో అంటాడు. మామ సచివాలయం ఉద్యోగాలకు ప్రిపేర్ కమ్మంటాడు. అమ్మ పెళ్ళి మాట ఎత్తుతోంది. నాకు మాత్రం సైన్స్‌లోనే ఉండి పరిశోధన చేయాలని ఉంది. చిన్నప్పటి నుంచి ఒక అనుమానం, చెనక్కాయ చెట్టుకు పువ్వు పైన పూస్తుంది కదా, కాయ మట్టిలో ఎందుకు కాస్తుంది అని. క్లాసులో అడిగితే సిలబస్‌లో లేదు కూర్చో అన్నారు, అందరూ నవ్వారు. మా లాంటి ఇండ్ల పిల్లలకు ఇది అయ్యే పనేనా? ఎన్నేళ్ళు పడుతుంది? డబ్బు ఎంత కావాలి? నాయనకు ఏమని చెప్పాలి?"

పాపా, నాలుగు ప్రశ్నలు అడిగావు గానీ నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది ఆ చెనక్కాయ ప్రశ్నే. ముందు దానికే జవాబు చెప్తాను, నాయనతో ఏం మాట్లాడాలో కూడా అందులోంచే వస్తుంది.

పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, సాయంత్రానికల్లా వాడిపోతుంది, ఈ లోపలే దాని పుప్పొడి దాని మీదే పడి ఫలదీకరణ అయిపోతుంది. ఆ తర్వాత పువ్వు వాడిన చోట, ఆకు మొదట్లో, వంకాయ రంగు తిరిగిన సన్నటి పుల్ల ఒకటి బయటికి వస్తుంది, మీ నాయన దాన్ని ఊడ అంటాడు. ఆ ఊడ కొనలోనే అండాశయం ఉంది, కాబోయే విత్తనాలు అందులోనే ఉన్నాయి. వేరు ఎట్లా భూమి వైపు దిగుతుందో ఇది కూడా అట్లాగే నేల వైపు వంగి దిగుతుంది. వెలుతురులో ఉన్నంతసేపూ లోపల పిండం ఎదగకుండా ఆగి ఉంటుంది, ఊడ మట్టిలోకి దిగి చీకటి పడి చుట్టూ మట్టి ఒత్తిడి తగిలినాక పిండం మళ్ళీ కదులుతుంది, ఊడ పొడవు పెరగడం ఆపేసి కొన లావెక్కుతుంది, అడ్డంగా తిరిగి కాయ అవుతుంది. చెట్టు పై కణుపుల్లో వచ్చిన ఊడలు నేలకు అందక ఎండిపోవడం నువ్వు ఎన్నిసార్లు చూసి ఉంటావో, అవి కాయ కాకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మీ నాయన దగ్గరికి పోదాం. ఊడలు దిగే సమయంలో ఆయన జిప్సం వేస్తాడు, ఎకరాకు 200 కిలోలు, మొదళ్ళ దగ్గర పడేటట్టు. వేయకపోతే లొట్ట కాయలు వస్తాయని ఆయనకు తెలుసు, ఆ విషయం ఆయనకు నువ్వు చెప్పాల్సిన పని లేదు. ఎందుకు లొట్ట పోతాయో మాత్రం ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. జిప్సంలో ఉండేది కాల్షియం. వేర్లు పీల్చిన కాల్షియం నీటితో పాటు పైకి పోయి ఆకులకు చేరుతుంది, ఆకు దాకా పోయింది మళ్ళీ కిందికి దాదాపుగా రాదు. ఆకు నుంచి నీరు ఆవిరి అవుతుంటుంది కాబట్టి నీళ్ళన్నీ అటే లాగుతాయి, మట్టిలో పూడుకున్న కాయ నుంచి ఆవిరి పోదు కాబట్టి దాని వైపు ఆ లాగుడు లేదు. అందుకే చెట్టంతా కళకళలాడుతున్నా కాయ మాత్రం తన చుట్టూ ఉన్న మట్టిలోంచి, తన పొట్టు గుండానే, కాల్షియం తీసుకోవాలి. అక్కడ లేకపోతే గింజ పట్టదు. ఎరువు వేరుకు కాదు, కాయకు నేరుగా పెడుతున్నాం, అందుకే మొదట్లో వేయాలి, ఊడలు దిగేటప్పుడే వేయాలి.

ఈసారి ఊరికి పోయినప్పుడు ఆయన పక్కన గట్టు మీద కూర్చుని ముందు నువ్వే అడుగు, జిప్సం మొదట్లోనే ఎందుకు వేస్తావు నాయనా, యూరియా మాదిరి చల్లేస్తే చాలదా అని. ఆయన చెప్పింది మొత్తం విను, ఆ తర్వాత నీకు తెలిసింది చెప్పు. "నేను సైంటిస్ట్ అవుతా" అని మొదలు పెడితే ఆయన కళ్ళ ముందుకు ఏ బొమ్మా రాదు. ఆయన ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనికి కారణం కూతురి నోటి నుంచి వింటే, ఈ పిల్ల చదివే చదువు ఇది అని ఆయనకే అర్థమవుతుంది.

నేను కూడా అనంతపురం జిల్లా పల్లెలోనే పుట్టాను, మా ఇంట్లో కూడా చెనక్కాయే. 2000 సంవత్సరం ఖరీఫ్ మీ నాయనకు గుర్తుంటుంది, అడుగు. చేలు చూస్తుండగానే కాండం నల్లబడి, కొమ్మ కొనలు ఎండి, చెట్లు చచ్చిపోయాయి. జిల్లాలో 2 లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలకు పైమాటే. మా నాయన మూడుసార్లు మందు కొట్టించాడు, తర్వాత చేను దున్నేశాడు, ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ అన్నం పెట్టుకోలేదు. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను, బాటనీ చదువుతున్న పిల్లను, మా చేలో చెట్టుకు ఏమయిందో నాకు తెలియదు.

తర్వాత శాస్త్రవేత్తలు తేల్చింది ఏమిటంటే, అది పొగాకు స్ట్రీక్ వైరస్. దాన్ని మోస్తున్నది గట్ల మీద, బీళ్ళలో, బస్టాండ్ల వెనుక ఎక్కడ చూసినా మొలిచే వయ్యారిభామ మొక్క. దానికి జబ్బు లక్షణాలు ఏమీ కనపడవు, పచ్చగా తెల్లపూలతో నవనవలాడుతుంటుంది, వైరస్ మాత్రం దాని పుప్పొడిలో ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి, తామర పురుగుల ఒంటికి అంటుకుని చెనక్కాయ ఆకుల మీదికి చేరుతుంది, పురుగు ఆకును గీకి తిన్నప్పుడు పడిన గాటులోంచి వైరస్ లోపలికి పోతుంది. విత్తనం నుంచి రావడం లేదు. అంటే మందు డబ్బాలు ఎన్ని కొట్టినా గట్టు మీది వయ్యారిభామ అట్లాగే ఉంటే జబ్బు మళ్ళీ వస్తుంది, పూతకు రాకముందే దాన్ని పీకేస్తే, చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న వేసి పురుగును, పుప్పొడిని అడ్డుకుంటే, చాలావరకు ఆగుతుంది. అది చదివిన రోజు నేను మా గట్టు మీదికి పోయి వయ్యారిభామ పువ్వు ఒకటి తెంచి తెల్ల కాగితం మీద దులిపాను. సూదిమొన అంత పురుగులు నాలుగైదు పాకాయి. మా నాయన చేను తిన్నవి అవే. ఎం.ఎస్సీ. చేయాలని నేను నిర్ణయించుకున్నది ఆ కాగితం ముందు కూర్చునే.

మన సీమలో సైన్స్ అంటే ఎక్కడో ఉండే వస్తువు అనుకుంటారు, అది నిజం కాదు. నీ రూమ్మేట్ కడప పిల్ల అని రాశావు, ఆమెకు ఈ మాట చెప్పు. వేంపల్లె, తాడిపత్రి, పులివెందుల, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల, ఇవన్నీ ఊళ్ళ పేర్లే కాదు, రాతి పొరల పేర్లు కూడా. 1872లో ఇక్కడి రాళ్ళ మీద పెద్ద నివేదిక వచ్చినప్పటి నుంచి ప్రపంచంలో ఎక్కడి భూగర్భ శాస్త్రవేత్త అయినా కడప బేసిన్ (ఈ రాతి పొరలు ఉన్న ప్రాంతం) గురించి రాస్తే ఈ పేర్లే వాడతాడు. వేంపల్లె రాళ్ళలో 190 కోట్ల ఏళ్ళకు ముందటి సూక్ష్మజీవుల పొరల గుర్తులు ఉన్నాయి, తుమ్మలపల్లె యురేనియం ఉన్నది కూడా ఆ రాళ్ళలోనే. ఆ ఊళ్ళ పిల్లలు ఆ రాళ్ళ మీద నడిచి కాలేజీకి పోతూ జియాలజీ అనే సబ్జెక్టు ఉందని కూడా తెలియకుండా డిగ్రీ ముగించేస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

సరే, ఇప్పుడు ఏళ్ళు, డబ్బు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

డిగ్రీ తర్వాత ఎం.ఎస్సీ. రెండేళ్ళు, ఆ తర్వాత పిహెచ్.డి. దాదాపు ఐదేళ్ళు. నీకిప్పుడు పంతొమ్మిదో ఇరవయ్యో అనుకుంటే ఇరవై తొమ్మిది ముప్పై అవుతుంది. మీ అన్నకు ఇరవై రెండుకే జీతం వచ్చింది, కాబట్టి ఇంట్లో పోలిక పెడతారు. కానీ ఇంట్లో వాళ్ళకు తెలియంది ఒకటుంది, ఈ పదేళ్ళలో పిహెచ్.డి. ఏళ్ళకు వాళ్ళు డబ్బు కట్టాల్సిన పని ఉండకపోవచ్చు. ఎం.ఎస్సీ. చివరి సంవత్సరంలో ఉండగానే సి.ఎస్.ఐ.ఆర్. నెట్ అనే జాతీయ పరీక్ష రాయవచ్చు, ఏడాదికి రెండుసార్లు పెడతారు. అందులో జె.ఆర్.ఎఫ్. (పరిశోధన చేసే పిల్లలకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే పిహెచ్.డి.లో మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అది అప్పు కాదు, తిరిగి కట్టేది కాదు. ఈ రెండు అంకెలు కాగితం మీద రాసి నాయనకు చూపించు. మన ఇండ్లలో పిల్ల చదువు అంటే ఖర్చు అనే లెక్కలో చూస్తారు, నెలనెలా డబ్బు ఇచ్చి చదివించే చదువు ఒకటి ఉందని నేను చెప్తే మా అమ్మ మూడుసార్లు అడిగి ఖాయం చేసుకుంది.

కష్టమైన సంగతి కూడా విను. జె.ఆర్.ఎఫ్. అందరికీ రాదు, ఒకసారికి రాకపోవచ్చు. వచ్చినా డబ్బు నెలనెలా టైముకు పడుతుందని గ్యారంటీ లేదు, నాకు ఒక దశలో ఎనిమిది నెలలు పడలేదు, అన్న పంపిన డబ్బులతో మెస్ బిల్లు కట్టాను, ఎవరికీ చెప్పుకోలేక ఏడ్చిన రాత్రులు ఉన్నాయి. పిహెచ్.డి. అయిపోయాక యూనివర్సిటీలో పర్మనెంట్ పోస్టు రెడీగా పెట్టుకుని ఎవరూ కూర్చోరు, కాంట్రాక్టు మీద ఏళ్ళకు ఏళ్ళు పాఠాలు చెప్పేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. మన పరిశోధనకు దారి చూపే గైడ్ ఎవరన్నది అన్నిటికంటే పెద్ద విషయం. చేరేముందు ఆ ల్యాబ్‌లో ఇప్పుడు చేస్తున్న ఇద్దరితో, ముఖ్యంగా అమ్మాయిలతో, ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడు. పేరున్న సంస్థలో చెడ్డ గైడ్ కంటే మామూలు యూనివర్సిటీలో మంచి గైడ్ వెయ్యి రెట్లు మేలు. ఇన్ని చెప్పి కూడా రమ్మంటున్నాను, ఎందుకంటే సిలబస్‌లో లేని ప్రశ్నను ఇన్నేళ్ళు మనసులో పెట్టుకున్న పిల్ల వేరే పనిలో ఉండి తృప్తి పడదని నాకు నమ్మకం.

ఎం.ఎస్సీ. ఎక్కడ అన్నది ఈ ఏడాదే ఆలోచించు. అనంతపురంలోనే ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) ఉంది, 1981 నుంచి యూనివర్సిటీ, కడపలో యోగి వేమన యూనివర్సిటీ, కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ, వీటికి ఏపీ పీజీసెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి వాటికి సి.యు.ఇ.టి. పీజీ. ఐఐటీలకు, ఇంకా సైన్స్ కోసమే ఉన్న పెద్ద సంస్థలైన బెంగుళూరు ఐఐఎస్సీలోనూ తిరుపతి ఐసర్‌లోనూ బి.ఎస్సీ. తర్వాత నేరుగా చేరే ఇంటిగ్రేటెడ్ పిహెచ్.డి. సీట్లకు జామ్ అనే పరీక్ష, ఫిబ్రవరిలో జరుగుతుంది, అప్లికేషన్లు అంతకు ముందు సెప్టెంబర్, అక్టోబర్‌లోనే అయిపోతాయి. డిగ్రీ పిల్లలు చాలామంది ఈ పరీక్ష పేరు వినేటప్పటికే తేదీ దాటిపోయి ఉంటుంది. నీకు సరిపడేది అందులో బయోటెక్నాలజీ పేపర్, ఇంటర్ స్థాయి ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు కూడా అడుగుతారు, ఆ పుస్తకాలు అమ్మేయకు.

ఈలోగా ఇంకొకటి ఉంది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో శాస్త్రవేత్త దగ్గర పని, ఖర్చులకు డబ్బు, రానుపోను రైలు చార్జీ వాళ్ళే ఇస్తారు. ఒక లెక్చరర్ సిఫారసు లేఖ కావాలి, నువ్వు ఏం చేయాలనుకుంటున్నావో సొంత మాటల్లో రాయాలి. అక్కడ ఇంటర్నెట్ నుంచి దించినది పెట్టకు. ఊడ గురించి రాయి. సిలబస్‌లో లేదన్న వాళ్ళ దగ్గరే కాదు, అదే కాలేజీలో ప్రాక్టికల్స్ శ్రద్ధగా చేయించే ఒకరైనా ఉంటారు, వాళ్ళ దగ్గరికి పో.

అన్న చెప్పిన కోర్సు సంగతి. ఆయన నీ మంచికే చెప్తున్నాడు, గొడవ పడకు, నేర్చుకో. పైథాన్ అనే కంప్యూటర్ భాష వచ్చిన బాటనీ పిల్లకు ఇప్పుడు ఏ ల్యాబ్‌లోనైనా విలువ ఎక్కువ, జన్యువుల లెక్కలన్నీ కంప్యూటర్ మీదే జరుగుతున్నాయి. నేర్చుకోవడం వేరు, దాని కోసం సైన్స్ వదిలేయడం వేరు, అన్నకు అంత మాత్రం చెప్తే చాలు. బదులుగా ఒక సాయం అడుగు. బెంగుళూరు ఐఐఎస్సీ ఏటా ఒకరోజు, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో, అందరికీ తలుపులు తీస్తుంది. టికెట్ లేదు, చాలా ల్యాబ్‌ల్లోకి పోయి చూడొచ్చు, అక్కడి పిల్లలే నిలబడి వివరిస్తారు. అనంతపురం నుంచి రైలెక్కితే నాలుగైదు గంటలు. అన్న రూముకు పోయి, నాయనను కూడా తీసుకుని, ఒక రోజంతా తిరగండి. ల్యాబ్ ఎట్లా ఉంటుందో కళ్ళతో చూడని మనిషి దాని మీద నమ్మకం పెట్టుకోలేడు, అది నాయన తప్పు కాదు. అంత దూరం వద్దంటే కదిరి వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి పొండి. మీ నాయన కదిరి ఆరు విత్తనం వేసే ఉంటాడు, ఆ పేరు ఎక్కడ పుట్టిందో ఆయన చూస్తాడు. అనంతపురం దగ్గర రేకులకుంటలో కూడా ఒక కేంద్రం ఉంది.

మామ చెప్పిన ఉద్యోగం గురించి నేను చెడ్డ మాట అనను. నాయన చేను రెండేళ్ళు వరసగా పోతే ఇంట్లోకి జీతం రావడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఒకవేళ ఇల్లు నిజంగా నీ జీతం మీదే ఆధారపడి ఉంటే ముందు ఆ పరీక్షే రాయి, పీజీ తర్వాత చేయవచ్చు, నాతో చదివిన వాళ్ళలో ఒకామె టీచర్ ఉద్యోగం చేస్తూ ఐదేళ్ళ తర్వాత పిహెచ్.డి.లో చేరింది. కానీ నీ ఉత్తరం ప్రకారం అన్న సంపాదిస్తున్నాడు, ఇల్లు గడుస్తోంది. అట్లాంటప్పుడు రెండేళ్ళు అడిగి తీసుకో.

పెళ్ళి గురించి అమ్మతో కొట్లాట పెట్టుకుంటే లాభం లేదు. "వద్దు" అంటే ఆమెకు భయం పుడుతుంది, ఎప్పుడు అన్నది చెప్తే కొంత ఊరట. ఎం.ఎస్సీ. అయ్యే వరకు ఆగమ్మా, ఆ తర్వాత చదువుకునే పిల్లే కావాలనే ఇంటిని చూడు అని చెప్పు. పిహెచ్.డి.లో ఉండగా పెళ్ళయితే చదువు ఆగిపోతుందని కూడా లేదు, యుజిసి నిబంధనల్లో ఆడపిల్లలకు 240 రోజుల ప్రసూతి సెలవు, గడువు మీద రెండేళ్ళ సడలింపు ఉన్నాయి. ఈ సంగతి చాలా ఇండ్లలో తెలియక మంచి పిల్లలు మధ్యలో ఆపేశారు.

తెలుగు మీడియం అని నువ్వు సిగ్గుపడుతున్నట్టు అనిపించింది. ఎం.ఎస్సీ.లో నాకు గైనోఫోర్ అనే మాట వచ్చింది, స్పెల్లింగ్‌తో సహా బట్టీ పట్టి పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది మా చేలోని ఊడేనని ఏడాది తర్వాత ఒక సార్ బోర్డు మీద బొమ్మ గీసినప్పుడు గానీ తెలియలేదు. నిజానికి నాకు తెలియంది సైన్స్ కాదు, ఆ ఒక్క మాట. అప్పటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను, ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క మన చేలో, మన ఇంట్లో దాన్ని ఏమంటారో. రాత్రి ఒక్క పేజీ ఇంగ్లీషు పాఠం, అర్థమయ్యే దాకా. ఆరు నెలలు విసుగ్గా ఉంటుంది, టెన్షన్ పడకు, తర్వాత అలవాటవుతుంది. పరీక్షలు ఇంగ్లీషులోనే రాయాలి, తప్పదు, కానీ ఆలోచించడం తెలుగులో చేస్తే ఎవరికీ నష్టం లేదు.

ఇక ఈ ఖరీఫ్‌లో నీకొక పని. విత్తనం పడిన 30 రోజులకు పూత మొదలవుతుంది. నాయనను అడిగి చేను అంచున పది చెట్లు తీసుకో. నేలకు దగ్గరగా వచ్చిన ఊడలకు రంగు దారాలు వదులుగా కట్టు. ఎర్ర దారం ఇరవై ఊడలకు, వాటిని మామూలుగా మట్టిలోకి దిగనివ్వు. పచ్చ దారం ఇరవైకి, వాటి కింద ప్లాస్టిక్ ముక్క పరిచి మట్టి తగలకుండా చూడు. నల్ల దారం ఇంకో ఇరవైకి, వాటికి నల్ల కాగితం గొట్టం తొడుగు, చీకటి ఉండాలి, మట్టి ఉండకూడదు. మూడు రోజులకొకసారి చూసి ఎంత పొడవు ఉందో, కొన లావెక్కిందో లేదో తేదీ వేసి రాయి. నువ్వు హాస్టల్లో ఉన్న రోజుల్లో కొలిచే పని నాయనకు అప్పజెప్పు, చేస్తాడు. కొన్ని ఊడలు ఎండిపోతాయి, కొన్నింటి దారం ఊడిపోతుంది, ఉడతలు పీకుతాయి, అవి కూడా రాయి, కొట్టివేయకు.

నేను కూడా మా మిద్దె మీద కుండీల్లో కదిరి ఆరు విత్తనమే వేస్తున్నాను, అవే మూడు రంగుల దారాలతో. కాయలు పీకే రోజు నీ లెక్క పంపు, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం, నల్ల దారం వాటి దగ్గర తేడా వస్తే ఎందుకు వచ్చిందో మాట్లాడుకుందాం.